ఏడో బుట్ట దగ్గర ఒక్క నిమిషం

డాక్టరు అంకుల్ పోయారు.

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి నా భార్య ఆస్పత్రి వార్డులోంచి ఫోన్ చేసి ఈ మాట చెప్పింది. తను అక్కడే డాక్టరు. నేను పెరట్లో తీగ మీంచి బట్టలు తీస్తున్నాను. ఐర్లండ్‌లో, అందులోనూ ఈ ములింగార్‌లో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ బట్టలు ఆరేసే పని కంటే చినుకు పడగానే పరిగెత్తి తీసే పనే ఎక్కువ. "ఇప్పుడే పోయారు. ఆంటీ పక్కనే ఉన్నారు. నువ్వు రా" అంది. సరేనని ఫోన్ జేబులో పెట్టుకుని, సగం బట్టలు తీగ మీదే వదిలేసి అలాగే నిలబడ్డాను. నాకు ముందు ఏడుపు రాలేదు. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ చెప్పడానికే కదా కూర్చున్నాను. ముందు నా నోట్లోంచి వచ్చింది "హమ్మయ్య".

ఆ తర్వాతే నేనేమన్నానో నా చెవికి తెలిసింది.

వారం తిరక్కుండా మన తెలుగు సంఘం వాళ్ళు ఫోన్ చేశారు. సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయాలి, ఆయనతో అన్ని ఆదివారాలు గడిపింది నువ్వే, నువ్వు కాక ఇంకెవరు రాస్తారు అన్నారు. ఒప్పుకున్నాను. కూర్చుని "నిజాయితీ అంటే ఏమిటో నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెట్ల కింద ప్రెస్‌లో, అదే, మనం కప్‌బోర్డు అంటాం చూడండి, అందులో బూట్ల వెనక ఒక సంచి ఉంది. ఆ సంచిలో ఉన్న వస్తువు గురించి రాయకుండా ఆయన గురించి రాస్తే అది ఇంకో దొంగతనం అవుతుంది. ఇది చదివాక మీలో కొందరు నాతో మాట్లాడకపోవచ్చు. మీ ఇష్టం. ఆంటీని అడిగే రాస్తున్నాను.

అంకుల్ మత్తు డాక్టరు. తెనాలి దగ్గర పుట్టి, గుంటూరులో చదివి, కొత్తిమీర దొరకని రోజుల్లో ఈ దేశం వచ్చినాయన. రిటైరై చాలాకాలమైనా ఎవరైనా ఆయన్ని "పేషెంట్లని నిద్రపుచ్చేవారట కదా" అంటే ఊరుకునేవారు కాదు. "పడుకోబెట్టడం ఎవడైనా చేస్తాడయ్యా. లేచేదాకా పక్కన కూచోడమే నా ఉద్యోగం" అనేవారు. చలికాలం ఎండాకాలం ఒకటే ఉన్ని టోపీ, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతికర్ర, భుజాన గుంటూరు చీరల కొట్టు గుడ్డసంచి. సంచిలో ఫ్లాస్కు, రేకు కాగితంలో చుట్టిన ఇడ్లీలు, కారప్పొడి, ఓ పది పళ్ళేలు.

పళ్ళేలంటే తినేవి కాదు. డిస్క్ గోల్ఫ్ అని ఒక ఆట ఉంది, తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. బంతి బదులు చేటంత కూడా ఉండని ప్లాస్టిక్ డిస్కు విసురుతాం. రంధ్రం బదులు ఇనప గొలుసులు వేలాడే బుట్ట ఉంటుంది, కంబం మీద. ఎన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. మా ఊళ్ళో చెరువు పక్కన కౌన్సిల్ పార్కులో పద్దెనిమిది బుట్టలున్నాయి. డిస్కుని అంకుల్ పళ్ళెం అనేవారు, బుట్టని బుట్టే అనేవారు. ఆయన నోట విని ఐరిష్ వాళ్ళు కూడా "పల్లెం" అనడం మొదలుపెట్టారు. దారికి చెట్టు అడ్డమొస్తే "కాస్త జరగమ్మా" అని దాన్ని బతిమాలి విసిరేవారు. చెట్టు జరిగేది కాదు. పళ్ళెం ఠపీమని తగిలి కింద పడేది. "మాట వినదు, మా ఆవిడ పోలిక" అనేవారు.

నేను ఆయన్ని మొదట చూసింది డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో ఒకరింట్లో, వినాయక చవితి భోజనాలప్పుడు. హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి భార్య వెంట వచ్చి అప్పటికి ఏడు నెలలు. ఎవరు పరిచయమైనా రెండో ప్రశ్న ఒకటే: "మీరేం చేస్తుంటారండీ?" "వెతుకుతున్నానండీ." ఆ మాట నాలుగోసారి అంటుంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "ఏం వెతుకుతున్నావబ్బాయ్? ఆదివారం నాతో రా, కావాల్సినంత వెతకొచ్చు." అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను, ఇంట్లో కూర్చుని చేసేదేముంది కనక.

ఆయన అన్నది నిజమే. ఆ ఆటలో సగం విసరడం, సగం వెతకడం. దురదాకుల్లో, బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదల్లో, చెరువు ఒడ్డు బురదలో. అందుకే ప్రతివాళ్ళూ తమ పళ్ళెం అడుగున పేరూ ఫోన్ నంబరూ రాసుకుంటారు. దొరికినవాళ్ళు ఆ నంబరుకి ఫోన్ చేస్తారు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, ఎవరూ పట్టించుకోకపోయినా అడిగే దిక్కు లేదు. "టిక్కెట్టు లేదు, గేటు లేదు, అంపైరు లేడు. ఉన్నది నువ్వొక్కడివే" అనేవారు అంకుల్. ఆయనకి ఎవరి పళ్ళెం దొరికినా, వాన కురుస్తున్నా సరే, ఉన్నచోటే నిలబడి కళ్ళజోడు తుడుచుకుని నంబరు నొక్కేవారు. ఇంటికెళ్ళి తీరిగ్గా చెయ్యొచ్చు కదా అంకుల్ అంటే, "దొరికినచోటే నిలబడి ఫోన్ చెయ్యాలి. ఇంటికి తీసికెళ్ళావా, దానిమీద ప్రేమ పుడుతుంది" అన్నారు.

ఆయనకి ప్రాణమైన పళ్ళెం ఒకటుండేది. నారింజ రంగుది. నేను రాకముందెప్పుడో మూడో బుట్టలో దాన్ని ఒక్క విసురుకే వేశారట. అలా పడితే, చూసినవాళ్ళంతా ఆ పళ్ళెం మీద సంతకాలు పెట్టడం ఈ ఆటలో ఆచారం. పైన నాలుగు సంతకాలు, అడుగున ఆయన పేరూ నంబరూ. ఆ నారింజ పళ్ళేన్ని ఆయన కష్టమైన బుట్టలకే వాడేవారు. నన్నొకసారి విసరనిచ్చారు. నా చేతిలో ఏదీ తిన్నగా పోదు గానీ అది మాత్రం పిట్టలా పోయింది. అప్పుడే నా కన్ను పడిందేమో దానిమీద.

ఇక ఆ రోజు సంగతి.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం. అంకుల్, నేను, మాతో ఎప్పుడూ ఆడే ఇద్దరు ఐరిష్ వాళ్ళు: ఒకాయన ప్లంబరు, ఒకామె స్కూలు టీచరు. ఆరో బుట్ట అయ్యాక ఎవరి లెక్క వాళ్ళు చెప్తున్నాం. నేను "మూడు" అన్నాను. నాలుగు. తెలిసే అన్నాను. అంతకు ముందురోజే ఒక కంపెనీ నుంచి "సారీ" అని మెయిల్ వచ్చింది, ఎక్కడో ఒకచోట నెగ్గాలనిపించింది, అంతే. అంకుల్ నవ్వుతూ, మనం భోజనాల దగ్గర "ఇంకో ముద్ద వేసుకో" అన్నంత మామూలుగా, "చెట్టుకి తగిలింది కూడా లెక్కేనబ్బాయ్" అన్నారు. తెలుగులోనే అన్నారు, వాళ్ళకి తెలియకూడదని. కానీ నా మొహం చూసి టీచరమ్మకి అర్థమైపోయింది. "యూ'ర్ గ్రాండ్, యూ'ర్ గ్రాండ్" అని, అంటే ఏం ఫరవాలేదులే అని, భుజం తట్టింది. ఆ తట్టడం నాకు చెంపదెబ్బలా తగిలింది. ఈ ముసలాయనకి ఎందుకంత సత్యహరిశ్చంద్రుడి వేషం అనుకున్నాను. అవును, అదే మాట అనుకున్నాను.

ఏడో బుట్ట దగ్గర ఆయన నారింజ పళ్ళెం విసిరారు. గాలికి పక్కకి తిరిగి ముళ్ళపొదల్లోకి పోయింది. నలుగురం తలో దిక్కూ వెతుకుతున్నాం. ఆకులు పక్కకి తోస్తుంటే నాకు కనిపించింది. బంగారంలాంటి నారింజ రంగు, ఎండుటాకుల కింద, నా బూటుకి జానెడు దూరంలో. "దొరికింది" అనే మాట గొంతుదాకా వచ్చింది. అప్పుడే అవతలనుంచి అంకుల్ "ఏమబ్బాయ్, కనపడిందా?" అన్నారు.

నేను దానిమీద కాలు వేసి నిలబడ్డాను. "లేదంకుల్" అన్నాను.

చిన్నప్పుడు మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే, కంచానికి తగిలితే, చివరికి చీపురుకి తగిలినా, ఎంత పరుగులో ఉన్నా ఆగి, వంగి, ముట్టుకుని కళ్ళకద్దుకోవాల్సిందే. లేకపోతే మా నాయనమ్మ వెనక్కి లాక్కొచ్చి మరీ అద్దించేది. ఆ అలవాటు నాకిప్పటికీ పోలేదు, బస్సులో పక్కవాళ్ళ బ్యాగుకి కాలు తగిలినా చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆ రోజు కూడా చెయ్యి కిందకి వెళ్ళబోయింది. పిడికిలి బిగించి ఆపుకున్నాను.

ముప్పావుగంట వెతికాం. తిరిగొస్తుంటే కార్లో అంకుల్ మెల్లిగా అన్నారు. "పళ్ళెం పోతే పోయిందయ్యా, ఇంకోటి కొనుక్కోవచ్చు. దానిమీద సంతకాల్లో ఒకటి మా ఆపరేషన్ థియేటర్ నర్సుది. ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన పనిచేశాం. మనిషి పోయి రెండేళ్ళయింది. ఆ చేతిరాత ఇంకెక్కడా లేదు నా దగ్గర." పళ్ళెం అప్పటికి ఇంకా ఆకుల కిందే ఉంది. అప్పుడు కూడా చెప్పొచ్చు, "అంకుల్, కారు తిప్పండి" అని. చెప్పలేదు. మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి తెచ్చుకున్నాను. మా ఆవిడ గోళ్ళరంగు చెరిపే మందు తీసి, దూదితో అడుగున పేరూ నంబరూ తుడిచాను. పైన నాలుగు సంతకాలూ తుడిచాను. దూదికి నల్లగా, నీలంగా అంటుకుంటుంటే చూస్తూనే తుడిచాను. అందులో ఏది ఆ నర్సుదో నాకు తెలియదు. తర్వాత నా పేరూ నా నంబరూ రాసుకున్నాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. మా ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ పళ్ళెం ఎవరో కొట్టేసి ఉంటారని చర్చ మొదలైంది. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు. చెరువు దగ్గర సిగరెట్లు తాగే స్కూలు పిల్లల పనే అయ్యుంటుందని నేనే రాశాను. ప్లంబరు వెళ్ళి వాళ్ళని గట్టిగా అడిగాడు. వాళ్ళు మళ్ళీ అటు రాలేదు. అంకుల్ గ్రూపులో ఒక్క ముక్క రాశారు: "కళ్ళతో చూడని దొంగకి పేరు పెట్టకండి." అది చదివి నేను దండం బొమ్మ పెట్టాను. నా మొహానికి దండం ఒకటి!

మూడు వారాలకి దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధ పూజ, భోజనాలకి రెండు కుటుంబాలనీ అంకుల్‌నీ ఆంటీనీ పిలిచాం. నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. మా ఆవిడ హాల్లో పీట వేసి అమ్మవారి పటం పెట్టి, ముందు తన స్టెతస్కోపు, నా లాప్‌టాప్, కూరల కత్తి, మిక్సీ, కారు తాళాలు అన్నీ సర్ది బొట్లు పెట్టింది. "నీ ఆయుధాలు కూడా పెట్టాను, ఉద్యోగం వచ్చేదాకా అవే కదా నీకు" అని కేకేసి నవ్వింది. చేతికి పులిహోర ఉండగానే పరిగెత్తాను. ఆటసంచి అడుక్కంటా ఖాళీ చేసేసింది. నారింజ పళ్ళెం అమ్మవారి పాదాల దగ్గర ఉంది. లోతుగా ఉంది కదా, పూలు పోయడానికి బాగుందని బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టింది. అడుగుభాగం పైకి. దానికి తడిపసుపు రాసి, వేలితో తుడిచి, మూడు బొట్లు పెట్టింది.

నా నంబరు నల్లగా ఉంది. దాని కింద, పచ్చగా, ఇంకో నంబరు లేచింది.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. మార్కరు రాత ఇక్కడి వానలకి నిలవదని, అంకుల్ తన నంబరు మీద ఇంజెక్షన్ సూదితో సన్నగా గీరి పెట్టుకునేవారు. డాక్టరు బుద్ధి. నేను తుడిచేటప్పుడు ఆ గీతలు చూసి ముళ్ళు గీసుకున్నవి అనుకున్నాను. పసుపు ఆ గీతల్లోకి దిగింది. నేను చెరిపింది మా ఆవిడ పసుపు రాసి బయటపెట్టింది, పాపం తనకేం తెలుసు. నేను చెయ్యి చాపేలోపు తలుపు బెల్లు మోగింది.

హారతి పెద్దవారు మీరే ఇవ్వండి అంది మా ఆవిడ. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని అక్షింతలు తీసుకుని వంగారు. వంగి, ఆగిపోయారు. పెదాలు కదులుతున్నాయి. నంబరు చదువుకుంటున్నారు, సున్నా, ఎనిమిది... నేను గోడకి అతుక్కుపోయాను. వెనకే ఆంటీ ఉన్నారు, ఆవిడకి ఆ నంబరు కంఠతా వచ్చు. ఇంకో నలుగురున్నారు. నా భార్య పనిచేసే ఆస్పత్రి వాళ్ళు. ఆయన ఒక్క మాట అంటే చాలు.

ఆయన పక్కనున్న పూల తట్టలోంచి ఒక చామంతి తీసి ఆ నంబరు మీద పెట్టారు. సరిపోలేదు. ఇంకోటి పెట్టారు. మూడోది పెట్టి, తల పక్కకి వంచి, ఏ అంకే కనపడటం లేదని చూసుకుని, దానిమీద అక్షింతలు వేశారు. "బాగా అలంకరించావమ్మా" అన్నారు మా ఆవిడతో. తర్వాత అందరిలాగే నేనూ కాళ్ళకి దండం పెట్టాల్సొచ్చింది. నా తల మీద ఆయన చెయ్యి మామూలు కంటే కాసేపు ఎక్కువ ఉంది. పులిహోర రెండుసార్లు వేయించుకుని తిన్నారు.

ఆ ఆదివారం రారనుకున్నాను. సరిగ్గా తొమ్మిదికి హారన్ మోగింది. "ఏమబ్బాయ్, వస్తున్నావా?" అదే టోపీ, అవే ఇడ్లీలు. ఏడో బుట్ట దగ్గరికి రాగానే, "ఒక్క నిమిషం ఆగు" అని చేతికర్రతో ముళ్ళపొదలో కదపడం మొదలుపెట్టారు. "ఇక్కడే ఎక్కడో ఉండాలి" అన్నారు, నా వైపు చూడకుండా.

అప్పట్నించి మూడేళ్ళు. ప్రతి ఆదివారం. అందరూ ముందుకెళ్ళిపోయేవారు, ఆయన ఆ ఒక్క నిమిషం అక్కడ ఆగేవారు. నేనేం చేసేవాణ్ణో తెలుసా? నేనూ వంగి వెతికేవాణ్ణి. లేదని ఇద్దరికీ తెలిసిన వస్తువు కోసం ఇద్దరం ఆకులు తోసేవాళ్ళం. "లేదంకుల్" అనేవాణ్ణి. "సరే, పద" అనేవారు. దెప్పినట్టు కాదు, చిరాగ్గా కాదు. లేచేదాకా పక్కన కూచునే మనిషి ఎలా అంటాడో అలా.

ఎందుకు చెప్పలేదని మీరడుగుతారు. మొదట్లో సంతకాల గురించి భయం. పళ్ళెం ఇస్తే సంతకాలేవి అంటారు, ఆ నర్సు చేతిరాత నేనెక్కణ్ణించి తెచ్చివ్వను? తర్వాత ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటర్వ్యూకి వేసుకెళ్ళిన కోటు ఆయనదే. కోటు వేసుకున్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత ఆలస్యమే ఒక కారణం అయిపోయింది. ఎవరైనా ఆటలో దొంగతనాల మాట ఎత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఆయన ఆ మాట మార్చేసేవారు, నా కోసం. అది తెలిసి కూడా నోరు విప్పలేదు.

ఈ చలికాలం ఆయనకి జబ్బు ముదిరింది. వార్డులో చేర్చారు. ఈసారి చెప్పేస్తానని నిశ్చయించుకుని, పళ్ళెం సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం విజిటింగ్ టైముకి వెళ్ళాను. మనిషి సగమయ్యారు. టోపీ మాత్రం ఉంది. మంచం పక్క కుర్చీలో కూర్చుని సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. "ఎలా ఉంది అంకుల్?" అంటే, "ఇప్పుడు నన్ను పడుకోబెట్టేవాడు వేరే ఉన్నాడులే" అని నవ్వారు. "నిన్న ఆదివారం ఆడావా?" అన్నారు. ఆడానన్నాను.

"ఏడో బుట్ట దగ్గర వెతికావా?"

నా కాలికి సంచి తగులుతూనే ఉంది. అందులో పళ్ళెం అంచు నాకు తెలుస్తూనే ఉంది. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. మూడేళ్ళలో అలా చూడటం అదే మొదటిసారి.

"వెతికానంకుల్. దొరకలేదు."

కళ్ళు మూసుకున్నారు. "దొరుకుతుందిలే" అన్నారు. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట. తొమ్మిదో రోజున నేను పెరట్లో నిలబడి హమ్మయ్య అనుకున్నాను. నా దొంగతనం తెలిసిన ఏకైక మనిషి ఇక లేడని. అంత హీనంగా ఆలోచించింది నా మనసే, ఇంకెవరిదో కాదు.

డబ్లిన్‌లో దహనం రోజున ప్లంబరు వచ్చాడు, టీచరు వచ్చింది. ఇద్దరూ తమ పళ్ళేల మీద ఆయన పేరు రాసుకొచ్చారు. ప్లంబరు నా చేతులు రెండూ పట్టుకుని "నువ్వంటే ఆయనకి ప్రాణం" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అతను అనుకున్న కారణానికి కాదు.

ఇదిగో, ఈ నాలుగు మాటలు రాయలేక ఆగిపోయిన రోజు మధ్యాహ్నం, ప్రెస్‌లోంచి సంచి తీసి పార్కుకి నడిచాను. ఏడో బుట్ట దగ్గరికి వెళ్ళాను. దొరికినచోటే నిలబడి చెయ్యాలి కదా. పళ్ళెం వెల్లకిలా తిప్పాను. నా నల్ల రాత చాలావరకు చెదిరిపోయింది. పసుపు ఎంత కడిగినా వదల్లేదు, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఆ నంబరు నా ఫోన్లో ఆయన పేరుతో ఉంది, కానీ అలా చెయ్యలేదు. పళ్ళెం చూసి ఒక్కో అంకె నొక్కాను. ఆ ఫోన్ ఎప్పుడో ఆపేసి ఉంటారనుకున్నాను. రెండో రింగుకే ఎత్తారు. ఆంటీ.

"హలో, ఎవరూ?"

"ఆంటీ... మీ పళ్ళెం ఒకటి దొరికింది. నారింజ రంగుది. నంబరుంటే ఫోన్ చేస్తున్నాను." మూడేళ్ళ క్రితం అనాల్సిన మాట ముక్క మారకుండా అన్నాను.

"ఎక్కడ దొరికింది బాబూ?"

"నా కాలి కింద."

"అంటే?"

చెప్పాను. కాలు వేసింది, మర్నాడు తెచ్చుకుంది, తుడిచింది, పిల్లల మీదకి నెట్టింది, పూజ, చామంతులు, ఆస్పత్రి. వాన మొదలైంది, నేను చెప్తూనే ఉన్నాను. అంతా విని ఆవిడ, "ఆయన పోయేముందు నాలుగైదుసార్లు చెప్పారు, ఈ ఫోన్ ఆపించెయ్యకు, రోజూ చార్జింగ్ పెట్టు, ఒక ఫోన్ రావాలి అని. బ్యాంకు వాళ్ళదేమో అనుకున్నా. ఎవరండీ అంటే, చేసినప్పుడు తెలుస్తుందిలే అన్నారు" అన్నారు. తర్వాత, "ఎక్కడున్నావు?" అన్నారు.

"ఏడో బుట్ట దగ్గర."

"అక్కడే ఉండు. కదలకు."

పావుగంటకి వచ్చారు, చీర మీద ఆయన రెయిన్‌కోటు వేసుకుని, ఆయన చేతికర్ర ఊతంగా. ఈ పార్కుకి ఆవిడ రావడం నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెం తీసుకుని పచ్చటి అంకెలు చూశారు. తిప్పి పైవైపు చూశారు. సంతకాలుండాల్సినచోట బొటనవేలితో మెల్లిగా నిమిరారు. "అన్నీ పోయాయా?" అన్నారు. "అన్నీ తుడిచేశానాంటీ" అన్నాను. ఏడ్చారు. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. ఓదార్చనందుకు ఆవిడకి ఋణపడి ఉన్నాను.

"ఏ చోట?" అని అడిగారు. వేలు చూపించక్కర్లేకపోయింది. చుట్టూ ముళ్ళపొద నడుమెత్తు పెరిగి ఉంది. మధ్యలో ఒక్కచోట మాత్రం, మూడేళ్ళు ఆదివారం ఆదివారం కర్ర కదిపీ కదిపీ, నేల నున్నగా తేలి, పళ్ళెమంత మేర ఖాళీగా ఉంది. మిగతా అంత పొదలో ఆయన ఎక్కడా వెతకలేదు. నా కాలు ఉన్నచోటే వెతికారు. ఆయన ఆ రోజే చూశారు.

ఆంటీ ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశారు. చేతిలో పళ్ళెం మీద పడ్డ వాననీళ్ళు కొంగుతో తుడిచి, నా ముందుకి చాపారు.

"కాలు తగిలింది కదా" అన్నారు. "కళ్ళకద్దుకో."